అక్క కోయించిన బండి

మా అక్క పోయింది. పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగా తిరుపతి నుంచి మేనకోడలు ఫోన్ చేసింది. “మామా, అమ్మ పోయింది. నువ్వు బయల్దేరు” అంది. అంతకుమించి ఒక్క మాట లేదు, ఏడుపు లేదు. ఆ పిల్లకు అక్క పోలిక. నేను చిత్తూరులో బస్సెక్కాను. దారి పొడవునా మామిడి తోటలు చూస్తూ, ఏడుపు రావలసిన చోట కోపం వస్తుంటే పళ్లు కొరుక్కుంటూ వెళ్లాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాక రాస్తే అందరిలాగే నేనూ అబద్ధాలు రాస్తానేమోనని భయం. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మర్నాడు పేపర్లో అక్క ఫోటో వేయించారు. కింద ‘సహనమూర్తి, అందరితో సర్దుకుపోయిన ఇల్లాలు’ అని ఉంది. ఆ మాటలు ఎవరివో చూడగానే తెలిసింది. అక్క మరిదివి, అంటే మా బావ తమ్ముడివి. నేను ఉద్యోగమంతా కాలేజీ లైబ్రరీలో చేశాను. పోయినవాళ్ల మీద ఉన్నవాళ్లు రాసిన పొగడ్తలు బీరువాల కొద్దీ చదివాను. వాటిలో చాలావరకు ఎవరికీ హాని చెయ్యని అబద్ధాలు. ఇది అలాంటిది కాదు. మా అక్క జీవితంలో అన్నిటికంటే మొండిగా చేసిన పని ఒకటుంది. దాన్ని ఆమె దగ్గర్నుంచి లాక్కుని, కడిగి, బొట్టుపెట్టి, ‘సహనం’ అని పేరుపెట్టాడు ఆ పెద్దమనిషి. ఆమె ఏం చేసిందో చెబుతాను. దాన్ని సర్దుకుపోవడం అంటారో లేదో మీరే తేల్చండి.

అక్కది వంట సామాన్లు అద్దెకిచ్చే వ్యాపారం. అన్నం వండే పెద్ద పెద్ద అండాలు, డేగిసాలు, బాణళ్లు, గరిటెలు, షామియానాలు, పందిరి కట్టెలు. బావ మొదలుపెట్టాడు. ఆయన దగ్గర పాత పికప్ బండి ఒకటి ఉండేది. ఎప్పుడో మద్రాసులో మిలిటరీ వేలంలో కొన్నది. పొడవాటి ముక్కు, గుండ్రటి దీపాలు, క్యాబిన్ వెనక పడవంత తొట్టి. కొత్త బండి కొనమని ఎంతమంది చెప్పినా బావ వినలేదు. బావ నడిపేవాడు. అక్క పక్కన కూర్చుని ఎట్లా నడపాలో చెప్పేది. బావ పోయాక మేనకోడలు నడపసాగింది. అక్క అదే సీట్లో కూర్చుని అవే మాటలు చెప్పేది. ఆమె ఎన్నడూ స్టీరింగు ముట్టుకోలేదు గాని, ఆ బండిని నడిపింది ఆమే.

పెళ్లి నుంచి తిరిగొచ్చిన ప్రతి అండానూ వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. సొట్ట కంటికి కనిపిస్తుంది గాని, పగులు చెవికే తెలుస్తుందనేది. అండా అడుగు చూసి పెళ్లి సంగతులు చెప్పేది. పాయసం సగానికి సగం మిగిలిందంటే మగపెళ్లివాళ్లు అలిగి తినకుండా వెళ్లారని, సాంబారు అడుగంటిందంటే వంటవాడు తాగి ఉన్నాడని. అవన్నీ నిజాలో కావో సరిచూసినవాళ్లు లేరు. ఆమె చెప్పే తీరుకు ఎదురు అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. మధ్యాహ్నం తొట్టి చివర కాళ్లు వేలాడేసుకుని కూర్చుని పెరుగన్నం తినేది. నేను వెళితే పక్కన చోటు చూపించి, “కూసో పుస్తకాల బీరువా, నువ్వూ రెండు ముద్దలు తిను” అనేది. నన్ను పేరు పెట్టి పిలిచినట్టు నాకు గుర్తులేదు.

వాళ్ల ఇల్లు తిరుపతి పాత ఊళ్లో ఉంది. రోడ్డు మీది నుంచి ఒక సందు లోపలికి వచ్చి ఎడమ చేతికి తిరుగుతుంది. మలుపులో మరిది ఇల్లు. మలుపు దాటితే అక్క ఇల్లు, దాని వెనక సామాన్లు పెట్టుకునే పెరడు. సందు ఇద్దరిదీ. బావ పోయిన ఏడాది లోపలే మరిది మేడమీద గదులు వేసి, కొండకు వచ్చే యాత్రికులకు అద్దెకు ఇవ్వాలనుకున్నాడు. వేసుకోవచ్చు. ఎవరు వద్దన్నారు? పైకి మెట్లు కావాలి. మెట్లు ఇంట్లోంచి వేస్తే ఒక గది పోతుంది. అందుకని సందు మలుపులో వేశాడు. ఎప్పుడు వేశాడో వినండి. అక్క, బండి, కూలీలు అందరూ సూళ్లూరుపేటలో వరస పెళ్లిళ్లకు వెళ్లి వారం పైన అక్కడే ఉండిపోయినప్పుడు. తిరిగి వచ్చేసరికి మెట్లు లేచి నిలబడి ఉన్నాయి. బండి ముక్కు మలుపు తిరిగింది. వెనక భాగం రాలేదు. పొట్ట మెట్లకు ఆనుకుని ఇరుక్కుపోయింది. సామానంతా కూలీలు ఎండలో నెత్తిన పెట్టుకుని పెరట్లోకి మోశారు. మరిది మేడమీంచి తొంగిచూసి, “అయ్యో వదినా, బండి ఇంత పొడుగని అనుకోల్యా” అన్నాడు. ఆ బండి ఆ సందులో వస్తూ పోతూ ఉండగానే మీసాలు నెరిసిన మనిషి అన్న మాట అది.

తర్వాత బంధువులు కూర్చున్నారు. కూర్చోవడమంటే వాళ్లకు పండగ. కాఫీలు తాగి, బజ్జీలు తిని, బండి అమ్మెయ్యమన్నారు. ఈ వయసులో నీకెందుకమ్మా అన్నారు. సామాన్లు మరిదికి అప్పజెబితే ఆయనే ఎక్కడో గోడౌను చూసి వ్యాపారం నడిపిస్తాడని, ఆ పెరట్లో ఇంకో నాలుగు గదులు వేస్తే అందరికీ బాగుంటుందని అన్నారు. అందరికీ అన్న మాటలో అక్క ఎక్కడుందో నాకు కనిపించలేదు. మెట్లు పడగొట్టమని ఒక్కడూ అనలేదు. సిమెంటు ఒకసారి గట్టిపడితే మన వాళ్లకు అది దేవుడు పెట్టిన కొండతో సమానం. అక్క మూల కూర్చుని తమలపాకులకు సున్నం రాస్తూ ఉంది. ఆ పెరడు పోతే ఆమె బతుకు తెరువు పోతుంది, కూతురి బతుకు తెరువు పోతుంది, పదిమంది కూలీలు వేరే పని వెతుక్కోవాలి. ఆ సంగతి తెలిసి కూడా వాళ్లు బజ్జీలు తిన్నారు.

నేను కోర్టుకు వెళదామన్నాను. నాకు న్యాయశాస్త్రం పుస్తకాలతో పరిచయం ఉంది. ఉమ్మడి దారికి అడ్డుపెట్టేవాడికి ఏం చెయ్యాలో రాత్రంతా కూర్చుని రాసి తీసుకెళ్లాను. అక్క చదివించుకుని వింది. వినడం అయ్యాక ఇట్లా అంది:

“రేయ్, ఇది తేలేలోపల నేను పోతాను. అంతవరకు పెండ్లిండ్లు ఆగుతాయా? వాడు మెట్లు పొట్టి చెయ్యనంటాండాడు గదా. బండిని పొట్టి చేస్తా.”

నాకు ఒళ్లు మండింది. “వాడి తప్పుకు నీ బండిని కోస్తావా?” అని అరిచాను.

“బండి నాది. దాన్ని కొయ్యనీకి ఎవురినీ అడగాల్సిన పన్లే. నువ్వు గమ్మునుండు.”

అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. తప్పు చేసినవాడి మెట్లు కొయ్యాలి గాని, చెయ్యనిదాని బండిని కాదు. నేను చదివిన ఏ ధర్మశాస్త్రమూ ఇంకోలా చెప్పలేదు. అక్క మీద కూడా నాకు కోపమే. ఆమె పోయినంత మాత్రాన ఆ కోపాన్ని దాచుకోవలసిన పని లేదు. ఆమె ఉన్నప్పుడు కూడా దాచుకోలేదు.

ఎంత కొయ్యాలో తెలుసుకోవడానికి ఆమె చేసిన పని మాత్రం నా జీవితంలో నేను చూసిన వింతల్లో ఒకటి. పందిరి కట్టెలు నాలుగు తెప్పించింది. బండి ఎంత పొడవో అంత పొడవు, ఎంత వెడల్పో అంత వెడల్పు చట్రం కట్టించింది. చక్రాలు ఉండే చోట్ల ఒక్కొక్క కూలీ నిలబడి దాన్ని నడుము ఎత్తున పట్టుకున్నాడు. ముందు ఇద్దరు చక్రాలు తిరిగినట్టు తిరగాలి, వెనక ఇద్దరు పక్కకు అడుగు వెయ్యకుండా వాళ్ల వెంట ఈడ్చుకుంటూ రావాలి. ఆ మనుషుల బండి సందులోకి వచ్చింది. మలుపులో మెట్లకు తగిలింది. అక్క వెనక్కి పొమ్మంది. తాడు విప్పి వెనకవాళ్లను కొంచెం ముందుకు జరిపి, మళ్లీ ముడివేసి, మళ్లీ రమ్మంది. మళ్లీ తగిలింది. వీధిలో పిల్లలు హారను కొట్టడం మొదలుపెట్టారు, నోటితో. గదుల్లో దిగిన యాత్రికులు ఇదేదో ఊరేగింపు అనుకుని మేడమీంచి దండాలు పెట్టారు. వెనక చక్రం పట్టుకున్న లావాటి కూలీ ఒకడు, “అక్కా, నాకు గాలి తగ్గింది, కాఫీ పట్టియ్యి” అన్నాడు. అక్క నవ్వలేదు. ముడి విప్పుతూ, కడుతూ, విప్పుతూ, చివరికి చట్రం మెట్లను తాకకుండా మలుపు తిరిగినప్పుడు, ఆ ముడి దగ్గర కట్టెమీద కాటుకతో గుర్తు పెట్టింది. అదే కొలత.

రేణిగుంట రోడ్డులో బాడీలు కట్టే షెడ్డు ఉంది. అక్కడి మేస్త్రి పెద్ద గొంతు మనిషి. విషయం విని కుర్చీలోంచి లేచాడు. “ఏందమ్మా ఇది. పొడుగు చెయ్యమని అడిగేవోళ్లను సూసినా గాని, పొట్టి చెయ్యమని అడిగినోళ్లను సూళ్లే” అన్నాడు. దాని ఇనుము ఇప్పుడు దొరకదనీ, ఇట్లాంటి బండిని కోస్తే పాపమనీ అన్నాడు. చివరికి ఒప్పుకున్నాడు గాని, మొదటి కోత తను కొయ్యనన్నాడు. బండి యజమానురాలే మొదలుపెట్టాలన్నాడు. అలాంటి ఆచారం ఎక్కడా లేదు, ఆ పాపం తన చేతికి అంటకూడదని అప్పటికప్పుడు కల్పించాడు. గుమ్మడికాయ కొట్టారు. అక్క కొంగు నడుముకు దోపుకుని, ఇనుము కోసే మిషను రెండు చేతులా పట్టుకుని గీత మీద ఆనించింది. నిప్పురవ్వలు చీర అంచు మీద పడి చిన్న చిన్న చిల్లులు పడ్డాయి. ఆ చీర తర్వాత చాలా కాలం కట్టింది. ఎవరైనా చిల్లులేమిటని అడిగితే పట్టుచీరల మీద జరీ పువ్వులుంటాయి గదా, ఇవీ అలాంటివే అనేది.

పొట్టి చెయ్యడమంటే తోకలో ఒక ముక్క తీసెయ్యడమని నేననుకున్నాను. కాదు. ముందు తొట్టిని ఎత్తి పక్కన పెట్టారు. బండి మొత్తాన్నీ మోసేవి కింద ఉండే రెండు ఇనుప దూలాలు, వాటినే చాసిస్ అంటారు. వాటిని దిమ్మెల మీద ఎత్తి, ఎటూ ఒరగకుండా సమం చేశారు. కోసేటప్పుడు మెలి తిరగకుండా అడ్డంగా కడ్డీలు అతికించారు. క్యాబిన్‌కూ వెనక చక్రాలకూ మధ్య ఏటవాలుగా గీతలు గీశారు. నిలువుగా కోస్తే బరువంతా ఒకే గీత మీద పడి అతుకు విడిపోతుందట. ముక్క తీసి, వెనక భాగాన్ని చక్రాలతో సహా ముందుకు జరిపి, లోపల ఇనుప పలకలు పెట్టి అతికించారు. ఇంజను నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్టును లేతుకు పంపి అంతమేరా తగ్గించారు. బ్రేకు గొట్టాలు, వైర్లు మళ్లీ కొలిచి వేశారు. అట్లా మార్చడానికి అనుమతి కావాలి, దానికోసం ఆమె ఎంత తిరిగిందో అది వేరే కథ. తొట్టిని కూడా చక్రాల ముందు భాగంలోనే కొయ్యాలి, లేకపోతే తొట్టిలో చక్రం కోసం వంచిన కమాను ఒకచోట, చక్రం ఇంకోచోట ఉంటాయి. నేను ఒక టైరు మీద కూర్చుని పుస్తకం చదువుతున్నట్టు నటిస్తూ అంతా చూశాను. అక్క రెండుసార్లు వచ్చి, పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టి, చేతికి పలక అందించి పట్టుకోమంది. పట్టుకున్నాను. కోపంగానే పట్టుకున్నాను.

అంతా సవ్యంగా జరిగేది. కాని అక్క అద్దె లారీ మాట్లాడుకుని గూడూరులో పెళ్లి సామాన్లు తీసుకురావడానికి వెళ్లిన రోజున మరిది షెడ్డుకు వచ్చాడు. చేతిలో టేపు. వదిన మేలు కోరే వచ్చానని మేస్త్రితో చెప్పాడు. తొట్టి పొడవు, వెడల్పు కొలిచి, వేళ్లమీద లెక్కలు వేసి, కళ్లు మూసుకున్నాడు. వాస్తు లెక్క ప్రకారం తొట్టి కొలత అశుభమైన ధూమాయంలో వస్తోందట. దాంట్లో మోసిన అండాల్లో వండిన అన్నం ఏ పెళ్లికీ అచ్చిరాదట. కొంచెం తగ్గిస్తే ధ్వజాయం, కీర్తి, ఐశ్వర్యం. మేస్త్రి హడలిపోయాడు. ఆ రోజు నేనక్కడ లేను. ఉంటే అడిగేవాణ్ని. వాస్తు గ్రంథాలు నేనూ చదివాను. ఇంటికి ఆయం చెప్పారు, బావికి చెప్పారు, గుడికి చెప్పారు. నాలుగు చక్రాల మీద ఊళ్లు తిరిగే తొట్టికి చెప్పినవాడు లేడు. మలుపు మలుపుకూ ముఖం మారేదానికి ఏ దిక్కు చూసి ఫలం చెబుతారు? కాని మన ఊళ్లో టేపు పట్టుకుని కళ్లు మూసుకునేవాడి మాట కాదనే మేస్త్రి ఇంకా పుట్టలేదు. అతను తొట్టి తోక దగ్గర బెత్తెడు కోసేశాడు.

అక్క తిరిగొచ్చి సామాన్లు పేర్చి చూసింది. అన్నీ పట్టాయి, అన్నిటికంటే పెద్ద అండా తప్ప. బెత్తెడు తక్కువైంది. ఆ అండా లేకుండా ఆమె ఏ పెద్ద పెళ్లీ ఒప్పుకునేది కాదు. మేస్త్రి తలవంచుకుని మొత్తం చెప్పాడు. అక్క ఇంటికి వచ్చి, మరిది ఇంటిముందు నిలబడి, వీధంతా వినేటట్టు అడిగింది:

“ఏమప్పా, నా బండికి ఆయం సూసినావంట. నీ మెట్లకు సూసుకున్నావా?”

ఆయన పూజ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. పెద్దకర్మ రోజున ‘వదిన నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు’ అన్న మనిషి ఈయనే.

ఆ పెద్ద అండాను అక్క క్యాబిన్ మీద బోర్లించి తాళ్లతో కట్టించింది. అప్పటినుంచి ఆ బండి ఇత్తడి టోపీ పెట్టుకున్నట్టు తిరుపతంతా తిరిగింది. దూరం నుంచే జనం గుర్తుపట్టేవాళ్లు. మొదటిసారి అది సందులోకి వచ్చిన రోజు నేనున్నాను. మేనకోడలు స్టీరింగు దగ్గర ఉంది. పక్కసీట్లో అక్క ఎదురుగా చూస్తూ, తిప్పు, ఇంగా తిప్పు, ఇప్పుడు వదులు అంటూ ఉంది. బండి మలుపును ఒక్క పట్టులో తిరిగి పెరట్లోకి వెళ్లి నిలబడింది. కూలీలు ఈలలు వేశారు. నేను వెయ్యలేదు. మెట్లు అక్కడే ఉన్నాయి. వాటికి గీత కూడా పడలేదు.

కొన్నేళ్ల తర్వాత బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చాడు. పాత బండ్లను సేకరించి, తళతళలాడించి, నీడలో నిలబెట్టుకునే రకం. ఫోటో చూసి ముచ్చటపడి వచ్చాడు. కిందికి వంగి అతుకులు చూసి లేచి, చెయ్యి నుదుటికి కొట్టుకున్నాడు. అపురూపమైన బండిని చంపేశారన్నాడు. అక్క, “సచ్చిందా? అట్లయితే నిన్న పుత్తూరుకు పోయొచ్చిందేందబ్బా, దాని దయ్యమా?” అంది. ఆయనకు కోపం వచ్చింది. ఇలాంటివాళ్లను నేను పుస్తకాల లోకంలోనూ చూశాను. పుస్తకం అట్ట నలగకూడదంటారు, పేజీలు విప్పరు. ఆయన పోతుంటే నాకు మొదటిసారి ఆ అతుకుల మీద అభిమానం కలిగింది. అక్కకు చెప్పలేదు.

నా భార్య పోయాక అద్దె ఇల్లు ఖాళీ చెయ్యవలసి వచ్చింది. బట్టలు రెండు సంచులు, పుస్తకాలు ఇంటినిండా. వానాకాలం. తీసుకుపోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. బండి వచ్చి వాకిట్లో నిలబడింది. అక్క దిగి, పుస్తకాలన్నిటినీ అండాల్లో పేర్పించింది. చిన్నవి డేగిసాల్లో, నిఘంటువులు పెద్ద అండాలో. మూతలు పెట్టించింది. చినుకు తగలకుండా చిత్తూరులోనే ఇంకో వీధికి, ఇప్పుడు నేనున్న గదికి చేర్చింది. దించేటప్పుడు మూత తీసి లోపలికి చూసి, “ఇదంతా వండితే ఎంతమందికొస్తాదిరా?” అని అడిగింది. ఇప్పటికీ నా పుస్తకాల్లో కొన్నిటికి సాంబారు వాసన వస్తుంది. రోజూ ఒకటి తీసి వాసన చూస్తున్నాను, ఆమె పోయినప్పటినుంచి.

ఇక ఆ పెద్దమనిషి దగ్గరికి వస్తాను. అక్కను పాడె మీద పడుకోబెట్టాక, అందరూ ఉండగా ఆయన కళ్లు తుడుచుకుంటూ ఒక మాట అన్నాడు. వదినకు ఆ బండంటే ప్రాణం, ఆఖరిసారి దాంట్లోనే తీసుకుపోదాం అన్నాడు. చాలామంది కరిగిపోయారు. ఒకరిద్దరు తొట్టిలో పూలు చల్లడానికి లేచారు కూడా. ఎంత బాగా చెప్పాడో చూడండి. శవాన్ని మోసిన బండిలో పెళ్లి అండాలు ఎవరు తెప్పించుకుంటారు? మన జనం సంగతి ఆయనకు తెలియనిదా? సిమెంటు చెయ్యలేని పనిని పూలతో చెయ్యబోయాడు. బండి ఆగితే వ్యాపారం ఆగుతుంది, వ్యాపారం ఆగితే పెరడు ఎవరికి కావాలి? నేను నోరు తెరిచేలోపల మేనకోడలు లేచింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

“వద్దు చిన్నాయనా. అది పెండ్లిండ్లకు పొయ్యే బండి. మా యమ్మను మనుషులే మోస్తారు.”

ఆయన ఇంకేదో అనబోయాడు. అప్పటికే కూలీలు వచ్చి పాడె ఎత్తారు. ఒకప్పుడు చక్రాలై నడిచిన నలుగురిలో ముగ్గురు వాళ్లలో ఉన్నారు. బండి పెరట్లోనే ఉండిపోయింది.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక ఆయన మళ్లీ మాట్లాడాడు. వదినను చూసి నేటి ఆడపిల్లలు సర్దుకుపోవడం నేర్చుకోవాలన్నాడు. నేను లేచాను. చెప్పవలసినదంతా నాలుక చివర ఉంది. కోర్టుకు రాసిన కాగితం నుంచి ధూమాయం దాకా, వరసగా. మేనకోడలు పక్కకు వచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“మామా, గమ్మునుండు. రేపు రేణిగుంటలో పెండ్లి ఉండాది. పొద్దున్నే లోడెత్తల్ల.”

కూర్చున్నాను. చెప్పనిదంతా మిగిలిపోయింది. అదే ఇక్కడ మీకు చెప్పాను.

మర్నాడు పొద్దున నేను సంచి పట్టుకుని బస్సుకు బయల్దేరుతున్నాను. ఆయన కింది మెట్టు మీద కూర్చుని, చెప్పులు కింద విడిచి, కాళ్లు సందులోకి బారజాపి పేపరు చదువుకుంటున్నాడు. పెరట్లో బండి మొదలైంది. మేనకోడలు ఒక్కతే ఉంది, పక్క సీటు ఖాళీ. లోడుతో నెమ్మదిగా వచ్చి, మలుపు ముందు ఒకసారి హారను కొట్టింది. ఆయన పేపరు దించి చూశాడు, మళ్లీ ఎత్తుకున్నాడు. బండి ఆగలేదు. మెట్ల పక్కకు వస్తూనే ఉంది. ఆయన పేపరు ఒళ్లోకి జారింది. రెండు చేతులా పంచె ఎత్తిపట్టుకుని, ముందు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు పై మెట్టు మీదికి లాక్కున్నాడు. వెనక చక్రం ఆయన చెప్పుల మీదుగా తిరిగి రోడ్డెక్కింది. బండి కనుమరుగయ్యాక కూడా ఆయన కాళ్లు కిందికి దించలేదు.